కాలవ గట్టు కిటికీలో బోథిల్

క్రిస్టియన్స్‌హవెన్ పేటలో కాలవ గట్టున ఆ మూడో అంతస్తు గదిని ఇప్పటికీ ఎవరూ అద్దెకి తీసుకోరు. చేపలమ్మే గూరి అయితే ఆ కిటికీ కింద బుట్ట కూడా దించదు.

అక్కడ ఓలుఫ్ అనే చిత్రకారుడు ఉండేవాడట. ఎన్ని బొమ్మలేసినా ఒకటే బొమ్మ — కిటికీ దగ్గర కుర్చీలో భార్య బోథిల్, నల్ల గౌను, మనవైపు వీపు. ఆవిడ మొహం ఒక్కసారీ గియ్యలేదు. కిటికీ బయట బిగించిన చిన్న అద్దంలో వీధిలో పోయేవాళ్ళని చూసుకోవడమే పాపం ఆవిడకి కాలక్షేపం. పొయ్యి వెలిగిస్తే పొగకి వెలుతురు చెడుతుందని చలికాలమంతా వెలిగించనిచ్చేవాడు కాదు. ఆ చలికి ఆవిడకి దగ్గు పట్టుకుంది.

ఒకరోజు ఆవిడ దగ్గు ఆగిపోయింది.

"అబ్బ, ఇవాళ కదలకుండా ఎంత బాగా కూచున్నావే!" అని మెచ్చుకున్నాడట. వెలుతురు పోయేదాకా గీస్తూనే ఉన్నాడు... శవాన్ని.

ఏడాది తిరక్కుండా మారెన్‌ని కట్టుకున్నాడు. అదే కుర్చీ. అదే గౌను.

డిసెంబర్లో మారెన్‌కీ దగ్గు మొదలైంది.

"ఏవండీ, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒక్కసారి లేవనా?"

"మెడ తిప్పావంటే చూడు!"

"చచ్చిపోతానేమోనండీ..."

"చస్తే చావు. కదలకుండా చావు."

ఇంతలో తెల్లరంగు అయిపోయింది. "నేనొచ్చేసరికి లేచి ఉన్నావో..." అని వేలు చూపించి రంగుల కొట్టుకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఆవిడ అలాగే ఉంది. వీపు నిటారుగా. దగ్గు లేదు.

"చూశావా, భయముంటే అన్నీ వస్తాయి," అని కుంచె తీశాడు. మెడ దగ్గర చర్మం కాస్త నీలంగా ఉంది — చలికనుకున్నాడు. ఆ నీలమూ బాగానే ఉందని అది కూడా వేశాడు.

మూడున్నరకే చీకటి ముసురుకొస్తోంది. వెలుతురు ఇంకెంతుందో అని కిటికీ వైపు చూశాడు...

కిటికీ బయటి అద్దంలో వంతెన. వంతెన మీద ఒక ఆడమనిషి మూట చంకలో పెట్టుకుని, దగ్గుకుంటూ పరుగెడుతోంది. ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి, ఈ కిటికీ వైపే చూసింది.

మారెన్!

కుంచె జారి కిందపడింది. మరి... కుర్చీలో?

"క... కదలకు," అన్నాడు.

కుర్చీ కిర్రుమంది.

"ఇన్నాళ్ళూ కదల్లేదు కదండీ," మెల్లగా ఇటు తిరుగుతూ అంది ఆవిడ. "ఇవాళైనా మొహం గియ్యండి."