బిజినెస్ క్లాస్‌లో ఐదో గట్టు మనిషి

"మైనాకు తమ కోడ్ పేరు చెప్పిన ఏజెంట్లు ఇద్దరూ చచ్చారు. నువ్వు చెప్పకు" అన్నాడు వెంకటనారాయణ.

నగర్‌నార్ దాటాక రోడ్డు పక్కన ధాబా, దాని వెనక గది. బయట ఖనిజం లారీ పోయినప్పుడల్లా బల్ల మీద టీ గ్లాసులు వణుకుతున్నాయి. వెంకటనారాయణ బ్యూరోలో బస్తర్ డెస్క్ చీఫ్. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ సుక్రాం. భేజ్జి దగ్గరి పల్లెలో పుట్టిన దొర్ల తెగ మనిషి. ఇప్పుడు మాత్రం నీలం సూటు, నల్ల బూట్లు. పాస్‌పోర్టు ప్రకారం మలేసియా పౌరుడు. పేరు రాజన్. ఉద్యోగం సీట్ కంఫర్ట్ ఇన్‌స్పెక్టర్.

"విషయం చెప్పండి సార్."

"విదేశీ ముఠా ఒకటి గనుల నుంచి ఖనిజం దొంగచాటుగా దాటిస్తోంది. లోడర్లు, డ్రైవర్లు, మొత్తం పదకొండు మంది మనకు కబుర్లు అందిస్తున్నారు. వాళ్ల పేర్లు నేను చేత్తో రాసుకున్న కాగితం నా బీరువాలోంచి పోయింది. ఫోన్‌లో పంపితే మనం వింటామని ముఠాకు తెలుసు. అందుకే కాగితమే ప్రయాణం చేస్తోంది. అది దేశం దాటితే పదకొండు మందీ బతకరు."

"ఎలా పోతోంది?"

"ఇంద్రావతి ఎయిర్ కొత్త నారో-బాడీ విమానం కొన్నది. రేపు ఉదయం జగ్దల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు ప్రదర్శన ఫ్లైట్. అక్కడ దిగాక బిజినెస్ క్లాస్ సీటు ఒకటి బాగాలేదని చెప్పి విదేశంలో ఫ్యాక్టరీకి తిప్పి పంపుతారు. కాగితం ఆ సీట్లో ఉంది."

"ఏ సీటు?"

"తెలియదు. ఎనిమిదిలో ఒకటి. విప్పి చూడ్డం కుదరదు. కూర్చుని కనిపెట్టు." వెంకటనారాయణ గ్లాసు పక్కకు జరిపాడు. "క్యాబిన్ సూపర్‌వైజర్ గ్లోరియా మన మనిషే. కోడ్ పేరు మైనా. మన మనిషే అని మొన్నటిదాకా అనుకున్నాను. ఆమెకు నువ్వెవరో తెలియదు. తెలియనివ్వకు."

కాగితం లోహపు గొట్టంలో ఉందని చెప్పి, లోహాన్ని పసిగట్టే చేతిగడియారం ఒకటి ఇచ్చాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు విమానం లేచింది. తెర వెనక ఎకానమీలో గనుల ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు సమోసాలు తింటూ కబుర్లలో ఉన్నారు. తెరకు ఇవతల రెండు వరుసలు, ఎనిమిది సీట్లు. తనిఖీ కోసం అన్నీ ఖాళీగా వదిలారు. 1A లో మాత్రం కళ్లకు గంతలు కట్టుకుని ఒక తెల్లదొర నిద్రపోతున్నాడు.

గ్లోరియా ట్రేతో వచ్చింది. పొడగరి. ఎర్ర లిప్‌స్టిక్, ముత్యాల దుద్దులు. నడిస్తే తివాచీ మీద చప్పుడు లేదు.

"వెల్‌కమ్ డ్రింక్, మిస్టర్ రాజన్."

సుక్రాం గ్లాసు అందుకున్నాడు. వేలు నిమ్మరసంలో ముంచి నేల మీదికి నాలుగు చుక్కలు విదిల్చాడు. తర్వాత తాగాడు.

తాగాక తెలిసింది ఏం చేశాడో. కల్లయినా ఇప్పసారా అయినా, పెద్దల పేరున నేలకు చుక్క పోయకుండా అతని ఇంట్లో ఎవరూ గుటక వేయరు. నాలుగేళ్ల ట్రైనింగ్ అతని నడక మార్చింది, మాట మార్చింది. వేలును మార్చలేదు.

గ్లోరియా కాగితం రుమాలుతో తివాచీ తుడిచింది. "పర్వాలేదు సర్" అని ఇంగ్లీషులో నవ్వి వెళ్లిపోయింది. ఒలికిందనుకుంది, అనుకున్నాడు సుక్రాం.

పని మొదలుపెట్టాడు. సీటులో సగం లోహమే కావడంతో గడియారం ఎనిమిది చోట్లా మోగింది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. ఇక మిగిలింది వీపు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నులక మంచాలు అల్లినవాడు. ఏ పేట బిగువో, ఏది వదులో ఒరిగితే చాలు తెలుస్తుంది. 1C మెత్తన. 1D మెత్తన. 1F కొంచెం జారుడు. 2A, 2C సమానం. 2D లో నడుము కింద మెత్త ఒక చోట మాట వినడం లేదు. వేలెడు పొడవు, గొట్టంలాంటిది.

ఖాయం చేసుకోవాలంటే పూర్తిగా పడుకోవాలి. మీట నొక్కాడు. సీటు మంచమైంది. ఇరుకు విమానం కాబట్టి కాళ్లు ముందు సీటు కిందున్న గూట్లోకి పోవాలి. పెట్టాడు.

టక్‌మని శబ్దం. చీలమండలను ఏదో పట్టుకుంది. సీటు పక్కనున్న పొట్టి తలుపు దానంతటదే మూసుకుంది. నడుము బెల్టు ఒక పట్టు బిగిసింది. గుంజితే ఇంకో పట్టు. వెదురు చేపలబుట్టలో దూరిన చేపకు లోపలికి పోయేదాకా ఏమీ తెలియదు. సుక్రాంకు కదిలేవి రెండు మోచేతులు, మెడ. కిటికీలో ఎర్రగా చెక్కేసిన గని కొండలు వెనక్కి పోతున్నాయి.

తలుపు పైనుంచి గ్లోరియా తొంగి చూసింది.

"పెద్దోళ్లకు చుక్కలు బానే పోసినవ్. మలేసియాల గూడ పోస్తరా?"

సుక్రాం ఆమెను తేరిపార చూశాడు. "బయటోళ్లయితే ఒలికిందనుకుంటరు. ఏ ఊరు మీది?"

"తర్రెం. పేరు గంగే. నీదేం గట్టు?"

గట్టు అంటే గోత్రం లాంటిది. దొర్లలో ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే ముందు అడిగే మాట అది. ఒకే గట్టయితే తోబుట్టువులు. చేయి చేసుకోవడం కూడా తప్పు. వేరే గట్టయితే వరస కలుస్తుంది, వేళాకోళం ఆడొచ్చు.

"ఐదు." నిజమే చెప్పాడు.

"నాది మూడు. అయ్యో బావా! అన్నవైతే ఆలోచిద్దును. బావను ఇడిసిపెడితే మా ఊళ్ల నవ్వుతరు." గొంతు తగ్గించింది. "సీట్ల మసాజ్ మోటారుంది సూడు, దానెనక సూది. ఇమానం చక్రాలు దింపినప్పుడు దిగుద్ది. నిద్దట్ల గుండాగిందంటరు. నీకేం కష్టముండదు."

"నీకేం ముడుతది?"

"దొర వాళ్ల దేశం పాస్‌పోర్టు ఇస్తడు. మళ్ల ఈ ఎర్రమట్టి తొక్కే పనుండదు."

విమానం ముక్కు కిందికి వంగింది. చెవులు మూసుకున్నాయి. చక్రాలు దిగడానికి మహా అయితే పదిహేను నిమిషాలు.

"కాగితం సదివినవా?" అన్నాడు సుక్రాం.

"గొట్టానికి సీలుంది. నాకెందుకు?"

"పదకొండు మంది. లారీలోళ్లు, లోడింగోళ్లు. అందరూ ఈ కొండలోళ్లే. ఇంటిపేరు సూస్తె గట్టు తెలుస్తది గద. మీ అన్నదమ్ములు ఎంతమందున్నరో లెక్కబెట్టుకో."

"ఏంది, బెదిరిస్తన్నవా?"

"ఆ. బెదిరిస్తన్న. అయినా సదువు."

ఆ జాబితాను సుక్రాం ఎన్నడూ చూడలేదు. అందులో మూడో గట్టువాళ్లు ఒక్కరూ లేకపోవచ్చు.

గంగే 1A వైపు చూసింది. తర్వాత చేయి పెట్టి అతని నడుము కింద మెత్తలో వెతికింది. గొట్టం బయటికి లాగి, గోటితో సీలు విప్పింది. కాగితం చిన్నది. పెదవులు కదుపుతూ చదివింది.

"పొడియం ఇర్మె... సోడి లచ్చు." ఆగింది. "సోడి సుక్కా. సోడి జోగా..." లిప్‌స్టిక్ పెట్టిన పెదవులు మళ్లీ కదల్లేదు.

"మీ ఇంటిపేరేంది?" అన్నాడు సుక్రాం.

ఆమె గోరు 'సోడి' అన్న మాట మీదే నిలిచింది.

"గ్లోరియా."

1A దొర గంతలు పైకి జరిపి కూర్చుని ఉన్నాడు. చేతిలో తనిఖీ యంత్రానికి చిక్కని ప్లాస్టిక్ పిస్తోలు. "విప్పవద్దన్నాను కదా. ఇటివ్వు" అన్నాడు ఇంగ్లీషులో.

గంగే కాగితం ముందుకు చాచింది. రెండో చేయి వీపు వెనక, గోడకున్న క్రూ ప్యానెల్ మీద పడింది. ఎనిమిది సీట్లకూ అదే ప్యానెల్. దొర లేచి నిలబడబోయాడు. సరిగ్గా అప్పుడే నేల కింద గురగురమని చక్రాల తలుపులు తెరుచుకున్నాయి.

గంగే మీట నొక్కింది.

ఎనిమిది సీట్లూ ఒకేసారి కదిలాయి. 1A వీపు వెనక్కి పడిపోయింది. దొర వెల్లకిలా కూలాడు. పిస్తోలు సీలింగుకు తగిలి తివాచీ మీద పడింది. సుక్రాం చీలమండలు వదులయ్యాయి. సడలిన బెల్టు తోసేసి తలుపు మీదుగా నడవలోకి దొర్లాడు. వెనక 2D లో సన్నని సూది ఖాళీ మెత్తను పొడిచి నిలబడింది.

మిగతాది రెండు గుద్దుల పని. దొరను అతని సీటు బెల్టుతోనే కట్టేశాడు. తెర వెనక ఎవరో కుదుపు ఎక్కువైందని తిట్టి, మళ్లీ సమోసా అడిగారు.

సుక్రాం గంగే చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. నమిలి మింగేశాడు.

హైదరాబాద్‌లో దిగాక చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"కాగితం?"

"పోయింది సార్. ఎవరికీ దొరకదు. దొర పోలీసుల దగ్గరున్నాడు."

"మైనా?"

"జీపులో కూర్చోబెట్టారు. చచ్చిన ఆ ఇద్దరు ఏజెంట్ల సంగతీ అడుగుతున్నారు. అన్నీ చెబుతోంది."

"ఇంతకీ ఎవరి మనిషి సుక్రాం? మనదా, వాళ్లదా?"

సుక్రాం జీపు వైపు చూశాడు. "మూడో గట్టు మనిషి సార్."

అవతల పెన్ను గీస్తున్న చప్పుడు. "మూడో గట్టు... ఇది ఏ దేశపు ఏజెన్సీ? ఇవాళే ఫైలు తెరుస్తాను" అన్నాడు వెంకటనారాయణ.