నిమ్మకాయంత ముంత

"ఐరేండ్లు మేమే తెస్తమని నీ వియ్యంకుడు చెప్పుమన్నడు చెల్లె. మీరు తిప్పలు పడొద్దన్నడు."

పెళ్ళి మాట కలిపిన మల్లయ్య ఇంతే అని తల వంచుకున్నాడు. మట్టి తొక్కుతున్న గౌరవ్వ కాళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఇంతకన్నా పిల్ల మాకొద్దన్నా ఆమె తట్టుకునేదేమో... పిల్ల కావాలట, పిల్ల తండ్రి చేసిన కుండలు మాత్రం అక్కరలేదట!

ఆ మాటలో అంత విషం ఏముందని అడుగుతారేమో. కుమ్మరింటి కోడళ్ళను అడగండి, చెబుతారు. సున్నం పూసి, ఎర్రటి జాజుతో గీతలు దిద్దిన ఐరేని కుండలు మేళంతో తెచ్చి పందిట్లో నిలిపితేనే అక్కడ పెళ్ళి. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఏ ఇంట పందిరి వేసినా ఆ కుండలు గౌరవ్వ పెనిమిటి సిద్దిరాములు సారె చక్రం మీద నుంచే దిగేవి. అలాంటివాడి సొంత కూతురు బాలలక్ష్మి పెళ్ళికి కుండలు కామారెడ్డి నుంచి, వియ్యంకుడి సారె మీద నుంచి బండెక్కి వస్తాయట. వియ్యంకుడు గంగారాం కూడా కుమ్మరే. రైలు స్టేషనులో నీళ్ళు తాగే కూజాలన్నీ ఆయన చేతివే. తెలిసి అన్న మాటే, తెలియక అన్నది కాదు.

అనడానికి కారణమూ ఉంది, అదే గౌరవ్వను ఎక్కువగా ఏడిపించింది. మొన్నటి ఎండాకాలం ముత్తవ్వ కూతురి పెళ్ళిలో, మేళం నడుస్తూ నడుస్తూ చావడి ముందుకు రాగానే, ముత్తవ్వ నెత్తిన పెట్టుకున్న అడుగు కుండ, దొంతరకు కింద నిలిపేందుకు సిద్దిరాములు చేసింది, పెచ్చులు పెచ్చులుగా విడిపోయి ఆమె భుజాల మీద పడింది. అందరూ అపశకునం అన్నారు. గౌరవ్వకు మాత్రం శకునం సంగతి కాదు, చేతుల సంగతి తెలుసు. పచ్చి కుండను వణికే చేతులతో చెక్కపెట్టి కొడితే ఒక పక్క మందం, ఒక పక్క పలచన అవుతుంది. ఆ చేతులు ఎందుకు వణుకుతున్నాయో ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు.

మల్లయ్య వెళ్ళాక సిద్దిరాములు చాలాసేపు సారె ముందు కూర్చున్నాడు. తర్వాత గౌరవ్వ వైపు చూడకుండానే అన్నాడు.

"ఇయ్యాల్టి నుంచి చుక్క ముట్ట. బాలి మీద ఆన."

"ఆన పెట్టకు. పిల్ల మీద అసలే పెట్టకు" అంది గౌరవ్వ. కానీ లోపల మాత్రం... ఆడదాని ఆశ ఎంత వెర్రిదో చూడండి, ఆ పూట ఆమె దేవుడి దగ్గర దీపం పెట్టుకుంది.

మర్నాటికి ఆయనకు ఒళ్ళంతా చెమటలు. తాగిన గంజి తాగినట్టే కక్కేశాడు. సారె మీద ముద్ద వేస్తే అది నడిమికి రాదు, చేతులు ఆగవు. మధ్యాహ్నం దాకా పళ్ళు బిగబట్టి, చివరికి ఆ ముద్దను గోడకేసి కొట్టి ఈతవనం దారి పట్టాడు. పొద్దు గూకేలోపే తాగుడు దోస్తులు నలుగురు పట్టుకుని తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. "నాతోని గాదే గౌరీ... నన్ను ఇడిచిపెట్టు..." అని చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్న మొగుణ్ణి చూస్తే ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం వస్తే బాగుండేది, దాన్ని పట్టుకుని నిలబడేది. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

తెల్లారి కొంగు నడుముకు బిగించి నేరుగా ఈతవనానికి వెళ్ళింది. అక్కడ కల్లు గీసే లింబాద్రి చెట్టు దిగుతున్నాడు.

"నా సంసారంల మన్ను పోస్తున్నవు గదా లింబాద్రన్నా."

లింబాద్రి నడుముకు కట్టిన చెట్టెక్కే ముస్తాదు విప్పి నేల మీద పెట్టి, తాపీగా అన్నాడు. "నన్నేమంటవు చెల్లె? మన పెద్దల నాటి మాట. మా కల్లు లొట్లన్నీ మీ ఇంట్ల చేసుడు, మీ ముంత తెస్తే మేము నిండ పోసుడు. కుమ్మరి తెచ్చిన ముంత నింపకుండ పంపితే నాకు పాపం. ముంత ఎంత ఉండాలెనని ఎవలన్న చెప్పిండ్రా? మీ మామ ముంత నా గుప్పిట్ల పట్టేది. మీ ఆయన తెచ్చేది చూసినవా? బర్రెకు కుడితి పెట్టొచ్చు."

గౌరవ్వ వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. నిజమే. ఏటికేడు పాత ముంత పగిలిందంటాడు, కొత్తది చేసుకుంటాడు, ఆ కొత్తది పాతదానికన్నా ఒక వేలెడు ఎత్తు ఉంటుంది. తన చేతులతో మట్టి తొక్కి ఇచ్చింది తనే. ఇన్నేళ్ళూ కళ్ళ ముందు పెరిగిన ముంతను ఆమె ఒక్కనాడూ గమనించలేదు.

"అన్నా, ముంత చిన్నదైతే?" అని అడిగింది.

"చిన్నదైతే చిన్నదే నింపుత. చుక్క ఎక్కువ పోస్తె నన్ను అడుగు" అని లింబాద్రి గొంతు తగ్గించాడు. "ఒక్కసారే బందు పెడితే మనిషి ఆగడు చెల్లె, మా చిన్నాయనను చూసిన. మెల్లగ దించుండ్రి. వాని దోస్తులతోని నేను మాట్లాడుత."

ఇంటికి వచ్చి ఆ పెద్ద ముంతను సిద్దిరాములు ముందు పెట్టింది. "దీన్ని పెంచింది నీ చెయ్యే గదా? దించేది సుత నీ చెయ్యే. వారం వారం అంగడి నాటికి సారె మీద ఒకటి తియ్యి, పోయినదానికన్నా చిన్నది. లింబాద్రన్న అదే నింపుతడు. నువ్వు బందు పెట్టుమని నేనంటలేను."

ఆయన ముంత వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. "బందు పెట్టుమంటలేవా?" అని మళ్ళీ అడిగాడు, నమ్మకం కుదరక.

ఇంతలో గడపలో కూర్చున్న ఆయన తల్లి పెద్దవ్వ గొంతు సవరించుకుంది. ఈ ముసలమ్మకు మాపటి కల్లు లేనిదే ముద్ద దిగదు, ఆ ముచ్చట కొడుకు సంగతి ముందు ఎవరికీ గుర్తురాలేదు. "వాడొక్కడే ఎందుకు కష్టపడాలె? నాకు సుత గదే కొలత ముంత చెయ్యుమను. తల్లి నిండుగ తాగుతుంటే కొడుకు అరకొర తాగుతడా?" అంది. గౌరవ్వ అత్తగారి కాళ్ళకు దండం పెట్టబోతే, "ఆగవే, మొదటి వారమే గదా, అప్పుడే దండాలా" అని కసిరింది.

అట్లా మొదలైంది ఆ ఇంట్లో ముంతల భాగోతం! అంగడి నాడు పొద్దున్నే సిద్దిరాములు రెండు ముంతలు తీసేవాడు, ఒకటి తనకు, ఒకటి తల్లికి. బాలలక్ష్మి పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి, కొత్తది చిన్నదని ఒప్పుకుంటేనే కుండలు కాల్చే ఆవంలోకి పంపేది. ఒకసారి తండ్రి మూతి చిన్నగా, పొట్ట పెద్దగా చేసి మాయ చేయబోతే, "బాపూ, గిది ముంతనా, తొమ్మిదో నెలనా?" అని నవ్వి పిసికి పారేసింది. పెద్దవ్వ అయితే ప్రతి మాపూ తన ముంతను బోర్లించి, "దీనికి అడుగు సరిగ లేదు, పోసింది పోసినట్టే పోతున్నది" అని ఫిర్యాదు చేసేది. ఇల్లంతా నవ్వేది. ఎన్నాళ్ళకు నవ్విందో ఆ ఇల్లు... గౌరవ్వ ఒక్కోసారి నవ్వుతూ నవ్వుతూ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

అన్ని రోజులూ నవ్వులే అంటే నేను అబద్ధమాడినట్టే. దీపావళికి ఆయన మనసు ఆగలేదు. ఎవరూ చూడకుండా ఇంట్లో నీళ్ళ కడవ భుజాన వేసుకుని ఈతవనానికి పోయాడు. లింబాద్రి కడవను చూసి, "గిది ఈ వారం ముంత గాదు బావా" అన్నాడు. సిద్దిరాములు బతిమాలాడు, తిట్టాడు, నీకు లొట్లు చేయనన్నాడు. "చెయ్యకుంటే చెయ్యకు. నీ బిడ్డ పెండ్లికి ఐరేని కుండలు చెయ్యి, నాకది చాలు" అని లింబాద్రి, చెట్టెక్కాల్సిన పని మానుకుని, కడవ తన నెత్తిన పెట్టుకుని ఇంటి దాకా తోడొచ్చాడు. దారిలో కూర్చున్న పాత దోస్తులు పిలవలేదు, వెక్కిరించలేదు, లేచి నిలబడి దారి ఇచ్చారు. సిద్దిరాములు ఇంట్లోకి రాగానే కడవ అందుకుని దించి, "నీళ్ళకు పోయిన" అన్నాడు. కడవ ఖాళీదని గౌరవ్వకు కనబడుతూనే ఉంది. "మంచిగ చేసినవు, రేపు నిండుగ తే" అంది.

ముంత తగ్గేకొద్దీ పని పెరిగింది. పెద్ద కుండకు భుజబలం చాలు. చిన్న ముంతకు వేలి కొసలు కావాలి, ఊపిరి బిగబట్టాలి, రవ్వంత వణికినా మట్టి మడతపడిపోతుంది. కల్లు తగ్గితే చేయి నిలిచేది, చేయి నిలిస్తే ముంత ఇంకా చిన్నది వచ్చేది. సంక్రాంతి దాటేసరికి అరచేతిలో నిమ్మకాయంత ముంత నిలబడింది. గోటితో కొడితే కంచులా పలికింది.

మాఘంలో లగ్గం పెట్టుకోవడానికి గంగారాం బండి కట్టుకుని వచ్చాడు. నిండు కుండ కల్లు బండి మీదే తెచ్చాడు. అది ఆనవాయితీ, వియ్యంకులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తాగితేనే మాట ఖాయమైనట్టు. తాగనంటే సంబంధం వద్దన్నట్టు. తలుపు చాటున గౌరవ్వ ఆ కుండ వైపే చూస్తోంది. ఒక్క కుండ... ఇన్నాళ్ళ కష్టమూ ఒక్క కుండలో మునిగిపోతుందా? ఆపుదామంటే బిడ్డ పెళ్ళి, ఆపకపోతే బిడ్డ తండ్రి!

సిద్దిరాములు లేచి లోపలికి వచ్చాడు. పెళ్ళాం మొహం చూశాడు. "భయపడకే" అని మెల్లగా అని, గూట్లోంచి ముంత తీసుకుని వెళ్ళి వియ్యంకుడి ముందు పట్టాడు.

"పొయ్యి బావా. ఇది నా ముంత."

గంగారాం కళ్ళు ఎర్రబడ్డాయి. "ఏంది బావా, ఎక్కిరిస్తున్నవా? కామారెడ్డి నుంచి కుండ మోసుకొస్తే గింతనా?"

గౌరవ్వ ఇక ఆగలేదు. తలుపు దాటి వచ్చి నిలబడింది. "ఎక్కిరించుడు కాదన్నా. ఆయన పాత ముంత చూస్తవా? అగో, కోళ్ళకు నీళ్ళు పెడుతున్నం. ఆడ్నుంచి గిక్కడికి దిగిండు. తాగనని అంటలేడు, నీ మాట కాదంటలేడు. గింతే పొయ్యి, నీ కాళ్ళు మొక్కుత."

గంగారాం కుండ కింద పెట్టాడు. ముంతను అందుకుని తిప్పి చూశాడు. అడుగు చూశాడు, అంచు మీద బొటనవేలు పెట్టి చుట్టూ నడిపాడు, చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టాడు. కోపమొచ్చిన వియ్యంకుడి ముఖం కాదు అప్పుడది, కుమ్మరి ముఖం.

"ఎవలు తీసిండ్రు దీన్ని?"

"నేనే బావా."

"సారె మీదనా? చేత్తో అదుమలే?"

"సారె మీదనే."

గంగారాం ముంతను మరోసారి వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత ముంత నిండా పోసి, రెండు చేతులతో అందించాడు. "గింతది తీసినోని చెయ్యి వణుకుతదని ఎవడన్నడు? నా చెవులకే బుద్ధి లేదు. ఐరేండ్లు మీ ఇంట్ల నుంచే లేవాలె బావా. నేను చేసిన కుండలల్ల నా కోడలు నీళ్ళు నింపుకుంటది." తాను తాగడానికి వంగి, ఆగి, కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు. "నాకొకటి చేసిస్తవా? గింత చిన్నది కాదు... దీనికంటే ఇంత పెద్దది."

గడపలోంచి పెద్దవ్వ గొంతు వినిపించింది. "మిగిలిన కుండ గిటు పంపుండ్రి, పారబోస్తరా ఏంది?" మాట ఖాయం చూడవచ్చిన లింబాద్రితో సహా అందరూ పడి పడి నవ్వారు. కుండను మాత్రం బాలలక్ష్మి ఎత్తుకుపోయి బండి వెంట వచ్చినవాళ్ళకు పంచేసింది.

పెళ్ళినాడు ఐరేని కుండలు సారె దగ్గర నుంచి లేచాయి. కుమ్మరింటి పెళ్ళి కనుక ఊరంతా తిప్పి మళ్ళీ అదే పందిట్లోకి తేవాలి. అడుగు కుండ ఎవరు ఎత్తుతారంటే ముత్తవ్వే ముందుకొచ్చింది. "నా భుజాల మీద పలిగింది గదా, నేనే ఎత్తుకుంట" అంది. గౌరవ్వ ఆమెను కావలించుకుని, "ఈసారి నన్ను ఎత్తుకోనీ వదినా" అని తన నెత్తిన పెట్టుకుంది. మేళం మోగింది. చావడి ముందుకు రాగానే జనం మాటలు ఆగిపోయాయి. గౌరవ్వకు కన్నీళ్ళతో దారి కనబడలేదు, అవి దుఃఖం కన్నీళ్ళు కావు. పక్కన ఎవరో నడుస్తున్నట్టనిపించి ఓరగా చూసింది. సిద్దిరాములు. కొత్త ధోవతి మట్టిలో ఈడ్చుకుపోతున్నా చూసుకోకుండా, కుండ పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి ఆమె అడుగులో అడుగు వేస్తున్నాడు. ఆ చేతులు నిలకడగా ఉన్నాయి.

చావడి దాటాక గౌరవ్వ మెల్లగా అంది.

"ఇగ చేతులు దించయ్యా. కుండ గట్టిదే."