గోడ అవతలి గొంతు

సూరత్ డిండోలిలో ఒక కాంప్లెక్సు కింద నేలమాళిగలో ఉన్న దుకాణానికి మంచి పేరు లేదు. దీపాలు పెట్టే వేళ అక్కడ ఒంటరిగా ఉంటే వెనక గోడ పిలుస్తుందని చెప్పుకునేవాళ్లు. జెరాక్స్ మిషను పెట్టినవాడు ఖాళీ చేశాడు. చీరలకు రాళ్లు అంటించేవాడూ ఖాళీ చేశాడు. చివరికి, అద్దె చవకని సదానందం తీసుకుని కంప్యూటరు పెట్టాడు. పెళ్లి సీడీలు కాపీ చేసిచ్చే పని. అక్కడ కూచునేది కరుణ. కరెంటు సాంచెల మీద బట్ట నేసే మనిషి కూతురు, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. దేనికీ బెదిరే పిల్ల కాదు.

ఆ వానాకాలం నర్సవ్వ ఒక సీడీ పట్టుకొచ్చింది. కొడుకు బాలు పెళ్లిది. పెళ్లైన ఏడాదికే సాంచెల కాడ కరెంటు కొట్టి పోయాడు.

"సగంల ఆగుతున్నది బిడ్డా. ఆగినకాడ్నే వాడు మాట్లాడుతడు," అంది నర్సవ్వ. సీడీని కొంగుతో తుడుస్తూ, "వాని గొంతు మర్శిపోతున్న. జర తీసియ్యి," అంది.

ఆ సాయంత్రం కరుణ ఒక్కతే కూచుంది. సీడీని మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు తుడిచి డ్రైవ్‌లో పెట్టింది. కాపీ సగం దాకా పరుగెత్తింది... ఆగింది.

డేటా ఎర్రర్. కింద రెండే గడులు — రిట్రై, క్యాన్సిల్.

మళ్లీ తుడిచింది. వేగం తగ్గించింది. ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూసింది. మళ్లీ అక్కడే — వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా.

బయట వాన దంచుతోంది. ఇక రేపు చూద్దామని లేచిందో లేదో — ధన్‌మని షట్టరు దానంతటదే కిందికి పడింది. గుంజింది. కదల్లేదు. తన్నింది, అరిచింది. వాన హోరులో ఎవరికి వినపడుతుంది? ఫోన్‌కి ఆ నేలమాళిగలో సిగ్నలే రాదు.

అంతలో కరెంటు పోయింది.

టేబుల్ మీదే ఉన్న యూపీఎస్‌తో కంప్యూటరు ఒక్కటే వెలుగుతోంది. ఆ నీలి వెలుగులో చూసింది... షట్టరు కిందనుంచి నీళ్లు. చూస్తుండగానే చీలమండలు మునిగాయి.

వెనక గోడకి ఆనించి ఉన్న ఆ టేబుల్ ఎక్కి ముడుచుకుంది. గాలి తగ్గిపోతున్నట్టుంది. డ్రైవ్ మాత్రం ఆగినచోటే టక్... టక్... అని కొట్టుకుంటోంది. ఆ చప్పుడు భరించలేక, బాణం గుర్తును క్యాన్సిల్ మీదికి తెచ్చింది.

"అక్కా..."

వెనక గోడ అవతల్నుంచి. మగ గొంతు.

"అక్కా... బంద్ చెయ్యకు."

కరుణ చటుక్కున గోడవైపు తిరిగింది. పక్కన గోదాముందేమో, అందులో మనిషున్నాడేమో అనుకుంది. గోడకి చెవి ఆనించి, "ఎవలు? నువ్వు గూడ ఇరుక్కున్నవా?" అంది.

"ఆఁ... శానా దినాలాయె."

అవతల్నుంచి మళ్లీ అదే గొంతు, బతిమాలుతున్నట్టు... "ఇంకోపారి నొక్కు."

రిట్రై ఎందుకు నొక్కిందో ఆమెకే తెలీదు. నొక్కింది. ఆగింది. మళ్లీ నొక్కింది. నీళ్లు కుర్చీ దాకా వచ్చాయి. యూపీఎస్ కుయ్‌కుయ్‌మని ఆగకుండా ఏడుస్తోంది. "ఇంకోపారి..." అంటోంది గోడ. ఏడుస్తూనే నొక్కింది.

తెర మీద కాపీ ఎంతయిందో చూపే ఆకుపచ్చ గీత కదిలింది. కదిలి — ఆగకుండా చివరిదాకా పోయింది.

గోడ అవతల పెద్ద నిట్టూర్పు. ఆ తర్వాత ఎంత పిలిచినా పలుకు లేదు. కంప్యూటరూ ఆరిపోయింది.

చీకట్లో ఎంతసేపు కూచుందో. వెతుక్కుంటూ వచ్చిన సదానందం గడ్డపారతో షట్టరు లేపాడు.

"అన్నా, పక్క గోదాం తెరువు! లోపల మనిషున్నడు!"

సదానందం టార్చి వేసి గోడ వంక చూశాడు.

"గోదామేంది చెల్లె? దీనెన్క ఉత్త మట్టే."

మర్నాడు కంప్యూటరు సదానందం ఇంటికి చేర్చారు. నర్సవ్వ తెర ముందు కూచుంది. పందిట్లో బాలు తలపాగా సర్దుకుంటూ కెమెరా వైపు తిరిగాడు. "అవ్వా, తిన్నవా?" అన్నాడు.

"తిన్న బిడ్డా..." నర్సవ్వ తెరను రెండు చేతులా పట్టుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది. "మంచిగుంటది గదా కరుణా, వాని గొంతు?"

కరుణ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"అవునవ్వా," అంది మెల్లగా. "రాత్రే విన్న."