ప్రేమమణి సాక్ష్యం

జ్ఞానశేఖర్ మాస్టారికి దేవుడి మాట బాగా వినపడుతుందని సీతాఫల్‌మండిలో క్రైస్తవ కుటుంబాలన్నీ చెప్పుకునేవి. ఇంట్లో భార్య మాట ఎంతవరకు వినపడుతుందో మాత్రం ఎవరూ విచారించలేదు. విచారించినా తేలేది కాదు. ప్రేమమణి గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు మరి.

ఆ శుక్రవారం కూడా ఎప్పటిలాగే తెల్లవారింది. వాకిట్లో అత్తగారు దేవమ్మ చింతపండు గింజ తీస్తోంది. పొయ్యి దగ్గర ప్రేమమణి జొన్నరొట్టెలు కాలుస్తోంది. నాలుగేళ్ళ ఎమిలీ తల్లి కొంగు పట్టుకుని పిండిముద్దతో ఆడుకుంటోంది. మాస్టారు బడికి వెళ్ళే చొక్కా తొడుక్కుని, పీట మీద కూర్చుని, భార్యకు పాఠం చెబుతున్నాడు.

"మళ్ళొకసారి చెప్పు మణీ. 'ఒక రాత్రి ప్రార్థనల ఉండంగ ప్రభువు నాతోని మాట్లాడిండు.' అక్కడ షురూ చెయ్యి."

"ఏ రాత్రండీ?"

"ఏదో ఒక రాత్రి. తారీఖు ఎవరడుగుతరు?"

"నాకు రాత్రిళ్ళు పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు కదండీ."

వాకిట్లోంచి దేవమ్మ ఫక్కున నవ్వింది. "నిజమే బిడ్డా. మీదికెళ్ళి రైలు పోయినా లేవది" అంది.

"అమ్మా, నువ్వు జెర ఊకో" అని విసుక్కున్నాడు జ్ఞానశేఖర్.

అతని తొందర అతనిది. ఆదివారం గుడిలో సాక్ష్యాలున్నాయి, దేవుడు తమతో ఏమన్నాడో లేచి నలుగురికీ చెప్పాలి. మలయాలో రబ్బరు తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య సేవకు మనిషిని పంపాలని విదేశ సువార్త సంఘం వారు వెతుకుతున్నారు. పోయినవాడు తిరిగి ఎప్పుడొస్తాడో చెప్పలేని కొలువది, బతుకంతా అక్కడే అనుకుని వెళ్ళాలి. ఏడాదిన్నరగా జ్ఞానశేఖర్‌కు వేరే ధ్యాస లేదు. బడిలో పటం తగిలిస్తే అతని కన్ను ముందు మలయా మీదికే పోయేది. అన్నం తింటూ తింటూ ఆగిపోయి, అక్కడి పిల్లలు ఏ భాషలో ఏడుస్తారో అనేవాడు. ఆ సంఘానికి ఒకటే గట్టి నియమం. పెళ్ళయినవాడైతే భార్య కూడా లేచి నిలబడి, తనకూ దేవుడి పిలుపు వచ్చిందని గుడిలో అందరి ఎదుట తన నోటితో చెప్పాలి.

"నాకు పిలుపు రాలేదండీ" అంది ప్రేమమణి, రొట్టె తిరగేస్తూ.

"నాకొస్తే నీకొచ్చినట్టే. భార్యాభర్తలు ఏకశరీరం గదా."

"అయితే మీరు తిన్న రొట్టెతో నా కడుపు నిండాలి మరి."

అతనికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "మజాక్ కాదు మణీ. నా పానమంతా ఆడనే ఉన్నది. నువ్వు ఒక్క మాట అంటే సాలు" అన్నాడు. ఆ గొంతులోని ఆరాటానికి ఆమెకు జాలేసింది. అందుకే ఇంకేమీ అనలేదు. అనకపోవడాన్ని అతను ఒప్పుకోవడంగా లెక్క వేసుకుని, ఖుషీగా బడికి వెళ్ళిపోయాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. మారేడ్‌పల్లి నుంచి, పద్మారావు నగర్ నుంచి కూడా వచ్చారు. విదేశ సువార్త సంఘం పెద్దలు ముందు బల్ల మీద కూర్చున్నారు. పాదిరి జీవరాజు అయ్యగారు పేరు పిలవగానే జ్ఞానశేఖర్ లేచాడు. మాట్లాడటం అతనికి కొత్త కాదు, అయినా ఆ రోజు గొంతు వణికింది.

"పోలీస్ యాక్షన్‌కు ముందు నెల, ఆగస్టుల. రజాకార్ల భయానికి పొద్దుగూకితే తలుపులు పెట్టుకునే దినాలు" అన్నాడు. "మారేడ్‌పల్లిల పర్వతాలు అనే ముసలాయన మంచంల పడ్డడని పోయిన. చిన్నప్పుడే మలయా పోయి, యుద్ధమయినంక తిరిగొచ్చిన కూలీ. నా చెయ్యి పట్టుకొని ఒకటే మాటన్నడు. 'సారూ, ఆడ నా పెండ్లాంను మట్టిల పెడితే మన భాషల ఒక్క మాట చెప్పేటోడు లేకుండె. నేనే నాలుగు మాటలు చెప్పుకున్న' అన్నడు. అట్లనే కండ్లు మూసిండు. ఆ సాయంత్రం, ఆ మంచం కాడనే, దేవుడు నన్నడిగిండు. పోత అన్న."

ఆడవాళ్ళ వైపు చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ప్రేమమణి తుడుచుకోలేదు. ఆమె ముఖం పాలిపోయింది. అయ్యగారు ఆమె పేరు పిలిచారు.

ఆమె లేచి, కొంగు భుజం చుట్టూ లాక్కుంది. మగవాళ్ళ వైపు నుంచి జ్ఞానశేఖర్ పెదవులు కదిపి మొదటి మాట అందించాడు, బడిలో పిల్లలకు అందించినట్టు.

"ఆ సాయంత్రం దేవుడు ఈయనతో మాట్లాడాడు. నేను నమ్ముతాను" అంది ప్రేమమణి. "నాతో మాట్లాడలేదు. గుళ్ళో నిలబడి అబద్ధం చెప్పలేను. దేవుడు ఈయన్ని అడిగాడు. ఈయన నన్ను అడగలేదు."

అంతే, కూర్చుంది. ఎవరో దగ్గారు. జీవరాజు అయ్యగారు అనుభవం ఉన్న మనిషి కాబట్టి వెంటనే కీర్తన ఎత్తుకున్నారు.

దారిపొడుగునా జ్ఞానశేఖర్ పది అడుగులు ముందే నడిచాడు. ఇల్లు చేరి, తలుపు వేసి, అప్పుడు తిరిగాడు.

"పదిమందిల నా ఇజ్జత్ తీసినవ్! ఏడాదిన్నర సంది నేనెంత పరేషాన్ అవుతున్ననో నీకు ఎరుకలేదా? రానంటే ఇంట్ల చెప్పొద్దా?"

"శుక్రవారం చెప్పానండీ. పిలుపు రాలేదన్నాను. మీకొస్తే నాకొచ్చినట్టే అన్నారు."

"ఏందే పిల్లా, గుడిల గట్ల అంటరా?" అంది దేవమ్మ కూడా. కొడుకు ముఖం చూసి అతని పక్కకు వచ్చి నిలబడింది. "మొగుని పరువు జెర సూడొద్దా?"

"నా పరువు పోనియ్యమ్మా. ఆ సాయంత్రం నా బతుకుల అన్నిటికన్న పెద్ద సాయంత్రం. దాన్ని నలుగురిల నవ్వులపాలు చేసింది" అన్నాడతను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దేవమ్మ కోడలి వంక చూసింది. చూసి మెల్లగా కింద కూర్చుండిపోయింది.

"శేఖరూ, ఆ పర్వతాలు సచ్చిన దినమేనారా నువ్వు చెప్పేది? రాత్రి వొచ్చి, దేవుడు పిలిచిండని నన్ను లేపి చెప్పినవ్, ఆ దినమేనా?"

"ఆ దినమే."

"ఆ దినం పగటీలి ఈ పిల్లకు బాపట్లకెళ్ళి టెలిగ్రాం వొచ్చింది బిడ్డా. వాళ్ళ నాయన పోయిండని. సమాధి చేసి గూడ వారం దాటిందంట, తార్లు సుత సక్కగ రాని దినాలాయె. రైళ్ళు బందు. పొద్దుమీకిందాంక నా ఒళ్ళెనే పడి ఏడ్చింది. నువ్వొస్తవని వాకిలి దిక్కే సూసింది. నువ్వొచ్చి నీ ముచ్చట నువ్వు చెప్పుకున్నవ్. టెలిగ్రాం సంగతి నేను చెప్తే, నిలబడి చిన్న ప్రార్థన చేసి పండుకున్నవ్."

జ్ఞానశేఖర్‌కు టెలిగ్రాం గుర్తుంది. ప్రార్థన చేసినట్టూ గుర్తుంది. అవి రెండూ ఒకే రోజువని మాత్రం ఈ ఏడాదిన్నరలో ఒక్కసారీ తట్టలేదు.

అప్పుడు మాట్లాడింది ప్రేమమణి. గొంతు పెంచలేదు, కానీ ఒక్కో మాటా కాల్చింది.

"ఎవరి సమాధుల దగ్గరో నాలుగు మాటలు చెప్పడానికి మీరు సముద్రం దాటుతానంటున్నారు. మంచిదే. మిలిటరీ వచ్చాక రైళ్ళు నడుస్తూనే ఉన్నాయండీ. ఒక్క రాత్రి ప్రయాణం. మా నాన్న సమాధి నేనింతవరకు చూడలేదు."

ఎమిలీ వచ్చి తల్లి కాళ్ళను చుట్టుకుంది.

తరువాత ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది, రొట్టెలు కాలాయి, మాటలు మాత్రం లేవు. బుధవారం సాయంత్రం జ్ఞానశేఖర్ ఆలస్యంగా వచ్చాడు. ముఖంలో ఏదో బరువు దించుకున్న తేటదనం ఉంది. ప్రేమమణి ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యగారి దగ్గరికి పోయొచ్చిన. నా పేరు తీసేయమన్న. మలయా లేదు, ఏం లేదు. నీకోసమే మణీ. ఇగ ఆ ముచ్చట ఎత్తను."

తను చేసిన త్యాగానికి ఆమె కరిగిపోతుందని అనుకున్నాడు పాపం. ఆమె చేతిలోని గరిటె కింద పెట్టింది.

"తీసేయమని చెప్పేశారా?"

"చెప్పిన."

"నన్ను అడిగారా?"

జ్ఞానశేఖర్ వాకిట్లో ఉన్న తల్లి వైపు చూశాడు.

"వెళ్తానని అడగకుండానే అన్నారు. మానేస్తానని కూడా అడగకుండానే అన్నారు. రేపు మీరు ఆ పటం చూసి నిట్టూరిస్తే, ఆ పాపం ఎవరిది? నాదేగా? నేనెప్పుడైనా మిమ్మల్ని వద్దన్నానా?"

వాకిట్లో దేవమ్మ తల బాదుకుంది. "దేవా, నా కడుపుల ఎసొంటోన్ని పుట్టిస్తివి!"

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అయ్యగారు సుత అదే అన్నడు. 'మీ ఇంటామెను అడిగొచ్చినవా? అడిగి రా పో' అన్నడు. పేరు తీయలే" అంటూ పొయ్యి దగ్గర కటికనేల మీద కూలబడ్డాడు. "నాకు అడుగుడు రాదు మణీ. ఎక్కడ షురూ చెయ్యాలె?"

"మొదటి నుంచీ."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఆ దినం, మీ నాయన సంగతి తెలిసిన దినం. నీకు ఏం చెయ్యాలనిపించింది?"

ఏడాదిన్నరగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసినట్టు ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. అతను ప్రార్థన మొదలుపెట్టలేదు. ఊరికే కూర్చున్నాడు.

"నాన్న గురించి ఎవరితోనైనా చెప్పాలనిపించింది" అంది చివరకు. "పెళ్ళయి వచ్చాక నేనెప్పుడు పుట్టింటికి వెళ్ళినా, నాన్న ముందు రాత్రే బాపట్ల స్టేషన్‌కి వచ్చి కూర్చునేవాడు. బండి తెల్లవారుజామున కదా, ఇప్పటినుంచే ఎందుకయ్యా అని అమ్మ ఉన్నన్నాళ్ళూ తిట్టేది. తొందరగా వచ్చేస్తే ఎట్లా అనేవాడు. బండి ఎక్కడైనా తొందరగా వస్తుందా? కిటికీలోంచి చూస్తే ఆ చీకట్లో నాన్న ఒక్కడే బల్ల మీద. ఇన్నాళ్ళూ బాపట్ల తీసుకెళ్ళమని మిమ్మల్ని అడగకపోవడానికి కారణం కూడా అదే. బండి దిగితే ఎవరూ ఉండరు. ఆ ఖాళీ బల్ల చూడలేను."

జ్ఞానశేఖర్ ఆమె దగ్గరికి జరిగాడు.

"ఒకటి అడుగుత. కాదంటే కాదను" అన్నాడు. "నేను ఒక దినం ముందు పోత. పోయి స్టేషన్ల కూసుంట. నువ్వు అమ్మను, బిడ్డను తోలుకొని ఎనక బండికి రా. సరేనా?"

ప్రేమమణి కొంగుతో ముఖం తుడుచుకుని, సరేనని తల ఊపింది.

బాపట్లలో బండి ఆగేసరికి ఇంకా వెలుగు రాలేదు. ప్రేమమణి కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. "అమ్మా, నాయిన!" అని ఎమిలీ అరిచాక తెరిచింది. బల్ల మీద ఒక్కడే, దుప్పటి తలచుట్టూ కప్పుకుని, మంచుకు తడిసిన చెప్పులతో జ్ఞానశేఖర్ కూర్చుని ఉన్నాడు. రాత్రంతా ఉన్నాడని ఎర్రబడ్డ కళ్ళే చెబుతున్నాయి. ఆమె దిగి అతని చెయ్యి పట్టుకుంది.

సమాధి ఇసుకలో ఉంది. సరుగుడు ఆకులు రాలి దాన్ని సగం కప్పేశాయి. ఆమె కూర్చుని చేత్తో ఊడ్చింది. తండ్రితో ఏవేవో చెప్పుకుంది. జ్ఞానశేఖర్ దూరంగా నిలబడ్డాడు, ఆమె రమ్మన్నాకే దగ్గరికి వచ్చాడు. ఏం ప్రార్థన చేయమంటావని అడిగి, ఆమె చెప్పిన మాటలతోనే చేశాడు.

తిరిగి వస్తుంటే దారిలో మలయా మాట అతను ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆమెకు కనబడుతూనే ఉంది. చివరికి ఆమే మాట కదిపింది.

"మళ్ళీ నన్ను గుళ్ళో నిలబెడతారా?"

"నువ్వు సరే అంటే. ఏం చెప్తవ్?"

"అబద్ధం చెప్పను. నాకు పిలుపు రాలేదు, మా ఆయన అడిగాడు, వస్తానన్నాను అని చెప్తాను. అది చాలదంటే పెద్దల ఇష్టం."

అతను ఆగిపోయాడు. "నేను అడగలేదు మణీ, ఇంకా."

"అడగండి మరి."

ఇసుక దారిలో, చంకలో నిద్రపోతున్న బిడ్డతో, తల్లి దేవమ్మ వింటుండగా అతను అడిగాడు. గుడిలో వణికినదానికంటే ఎక్కువ వణికింది గొంతు. అడిగి, జవాబు కోసం ఆగాడు.

ప్రేమమణి వెనక్కి తిరిగి సరుగుడు చెట్లవైపు ఒక్కసారి చూసుకుంది. తరువాత కొంగు సర్దుకుని అంది.

"మీరు ముందు వెళ్ళండి. ఓడ ఆగే చోట కూర్చోండి. అత్తయ్యనూ పిల్లనూ తీసుకుని నేను వెనక ఓడకి వస్తాను."