కడలిలో ఉండగా తెంచిన అనుమతి

“విజయభాస్కర్! సాక్షి పడవెక్కాడు. మైపాడు ఒడ్డుకు ప్రాణాలతో చేర్చే బాధ్యత నీది.”

ఐస్‌పెట్టె అడుగున దాచిన రిసీవర్‌లో చీఫ్ కంఠం ఆగిపోయింది. రొయ్యల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ విజయభాస్కర్ సముద్రం వైపు చూశాడు. తీర రాడార్ల రహస్యాలను అమ్ముకుంటున్న విదేశీ ముఠా గుట్టు తెలిసిన ఏకైక సాక్షి జాలరి పోలేరయ్య నడిపే పడవలో వలల కింద దాగి వస్తున్నాడు. చేపల పడవను ఎవరు శంకిస్తారు?

“వంజరం ఉందా?”

తలెత్తాడు. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ముఠా కొలువులో ఉంటూ మన విభాగానికి పనిచేసే డబుల్ ఏజెంట్ క్యాథరిన్.

“లేదు. చందువా ఉంది,” అని సంకేతం పూర్తిచేశాడు.

“వాళ్ల స్పీడ్‌బోటు బయలుదేరింది. పోలేరయ్య పడవ స్క్రీన్ మీద స్పష్టంగా కనిపిస్తోంది.”

“అసంభవం! ‘అలసూచి’ యాప్‌ను నా కళ్ల ముందే ఫోనులోంచి తీసేశాడు.”

“ఫోనులోంచి తీశాడు. ఖాతాలోంచి?” క్యాథరిన్ నవ్వులో వెలుగు లేదు. “పడవలోని ట్రాకర్ తానున్న చోటును ఆన్‌లైన్ ఖాతాకు పంపుతుంది. చేపల జాడ చెబుతామంటూ ఆ ఖాతాను చూసే అనుమతి ముఠా యాప్ అడిగింది. ఆయన ఇచ్చాడు. యాప్ పోయినా అనుమతి పోలేదు.”

విజయభాస్కర్ లేచి నిలబడ్డాడు. తీసెయ్యమన్నది తానే, అంతటితో చాలునని నమ్మినదీ తానే. వైర్‌లెస్‌లో హెచ్చరిస్తే ముఠా వింటుంది. ఆ ఖాతా పోలేరయ్య భార్య కామమ్మ ఫోను మీద ఉంది.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న కామమ్మ ఫోను ఇచ్చింది. పాతాళబిలంలా లోలోపలికి సాగిన సెట్టింగుల చివర ఎర్రని అక్షరాలు దొరికాయి: ‘పోలేరయ్య పడవ: అలసూచి అనుమతి తొలగించు’. తొలగించాలంటే కామమ్మ వేలిముద్ర కావాలి.

ఆమె చేయి వెనక్కి లాక్కుంది.

“పడవ నీళ్ల మీద ఉండగా దాని పేరున దేన్నీ తెంచకూడదు సారూ! మా అత్త దీపం వత్తి కూడా తుంచనిచ్చేది కాదు. ఆయన్ని రానీండి, అప్పుడు నొక్కుతా.”

“అసలు రానిస్తేగదా అక్కా!” అంది క్యాథరిన్.

“నోరు ముయ్! ఈ యాప్ పెట్టించిందే నువ్వు గదా?”

క్యాథరిన్ తల దించుకుంది.

విజయభాస్కర్ ఆ విశ్వాసాన్ని తృణీకరించలేదు. “అమ్మా, వల రాతికి చిక్కి పడవను ముంచబోతే పోలేరయ్య ఏం చేస్తాడు?”

కామమ్మ సముద్రం వైపు తిరిగింది. “గంగమ్మకు మొక్కి తాడు కోస్తాడు.”

“ఇదీ ఆ తాడే.”

“ముఠా బోటు దగ్గర పడింది!” వెనక ఐస్‌పెట్టెలోని రిసీవర్ గర్జించింది.

కామమ్మ వేలు ఆనించింది. చేపపొలుసు అంటిన వేలిని ఫోను గుర్తించలేదు. కొంగుతో తుడుచుకొని, “తల్లీ గంగమ్మా” అంటూ మళ్లీ ఆనించింది. ఎర్రని అక్షరాలు అదృశ్యమయ్యాయి.

దూరాన ఒడ్డుకు మళ్లుతున్న పడవలన్నీ ఒకే రంగు, ఒకే రూపు. వాటిలో పోలేరయ్యది ఏదో తెలియక స్పీడ్‌బోటు దారితప్పిన దున్నలా తిరిగింది. అంతలో తీర రక్షక నౌక దాన్ని చుట్టేసింది.

సాక్షిని దింపి పోలేరయ్య కళ్లెర్రజేశాడు. “ఏందే, నేను నీళ్ల మీద ఉండగా ఏందో తెంచినావంట?”

“తెంచినాను గాబట్టే అడగతా ఉండావు.”

ఒడ్డు నిండా పడవలు, ప్రతి పడవకూ ఒక ఖాతా. ఏ ఖాతాకు ఎన్ని కళ్లున్నాయో ఎవరెరుగుదురు? విజయభాస్కర్‌కు మనసు నిలవలేదు. తన ఈమెయిల్ ఖాతా తెరిచి చూశాడు. ఎప్పుడో తీసేసిన పంచాంగం యాప్ ఇంకా అతని ఉత్తరాలు చదువుతోంది.

రాహుకాలం దాటిపోయిందనుకున్నాడు, రాహువు మాత్రం ఖాతాలోనే కూర్చున్నాడు.