రాతిగనిలోని గొంతు

శిలాపుర రాజ్యంలో మనుషులకు ఒకరి మాట ఒకరికి వినపడకుండా పోయిన ఏడాది జరిగిన కథ ఇది.

అంతకు ముందటి సంవత్సరం భైరవదత్తుడనే మాంత్రికుడు రాజధానికి వచ్చి, ఏనుగంత ఎత్తున్న అద్దాన్ని కోట ముందరి మైదానంలో నిలబెట్టాడు. రోజూ పొద్దు వాలే వేళకు అతను ఆ అద్దంలో కనిపించేవాడు. కాగడా పట్టుకుని పాడుబడ్డ చోట్లలోకి అడుగుపెట్టి, "ఇక్కడ ఎవరున్నారు? ఉంటే పలకండి" అని గద్దించేవాడు. అతని మనుషులు వెనక డప్పులు కొట్టేవాళ్ళు. చీకటిలోంచి ఒక మూలుగో, ఏడుపో, అరుపో వచ్చేది. మైదానంలో కూర్చున్న జనానికి ఒళ్ళు జలదరించేది. ఆ జలదరింపు వాళ్ళకు ఎంతో నచ్చింది.

కొన్నాళ్ళకు చూడటం ఒక్కటే చాల్లేదు. బళ్ళు కట్టుకుని, అటుకులు, జంతికలు మూట కట్టుకుని, ఆ చోట్లకు వెళ్ళి చూసి రావడం మొదలుపెట్టారు. పాడు గోడల మీద తమ పేర్లు చెక్కారు. దయ్యం పలుకుతుందేమోనని బావిలో రాళ్ళు వేశారు. తిరిగి వచ్చి మళ్ళీ అద్దం ముందు కూర్చున్నారు.

అలా చూడగా చూడగా, వాళ్ళకు బతికున్నవాళ్ళ మాటలు వినపడటం మానేశాయి. ఉయ్యాలలో బిడ్డ ఏడిస్తే తల్లి తిరిగి చూసేది కాదు. పక్కింట్లో మంటలు లేచి "కాపాడండి" అని కేకలు వేస్తే ఒక్కడూ కదలలేదు. అప్పటికీ రాజు గిరిధ్వజుడు పట్టించుకోలేదు. తన దండోరా కూడా ఎవరికీ వినపడటం లేదని తెలిశాకే కంగారుపడి, ఈ శాపం వదిలించిన వారికి కోరింది ఇస్తానని కోట గోడ మీద రాయించాడు.

ఆ రాత చదివినవాళ్ళలో పున్ని ఒకతె. రాళ్ళు కొట్టేవాళ్ళ వాడలో ఆమె ఇల్లు. వయసు పదహారేళ్ళు. ఆమె అన్న మైలారు, మూడేళ్ళ కిందట తూర్పు కొండ రాతిగనిలోకి పనికి వెళ్ళి మరో పద్దెనిమిది మందితో పాటు తిరిగి రాలేదు. కొండను తవ్వినందుకు భూతం మింగేసిందని రాజోద్యోగులు చెప్పారు. వాడలో అందరూ ఏడ్చి ఊరుకున్నారు.

ఒక సాయంత్రం అద్దంలో ఆ రాతిగని కనిపించింది. డప్పుల మధ్య ఒక గొంతు, "బండ జారుతోంది, బయటికి పరుగెత్తండి" అని అరిచింది. జనం కెవ్వుమన్నారు, ఆ తర్వాత నవ్వుకున్నారు. పున్ని తల్లి సూరమ్మ మాత్రం లేచి నిలబడింది. అది కొడుకు గొంతు. ఆ రోజు నుంచి ఆమె అద్దం ముందు నుంచి కదల్లేదు.

పున్నే రాళ్ళు కొట్టి, వండి, తల్లికి అక్కడికే తెచ్చి తినిపించేది. ఒకరోజు సమ్మెట జారి ఆమె వేలు నలిగింది. రక్తం కారుతున్న చేత్తో పరుగెత్తుకు వచ్చి తల్లి పక్కన కూలబడింది.

"అమ్మా, వేలు చితికిందమ్మా. ఒక్కసారి ఇటు చూడమ్మా."

సూరమ్మ అద్దం మీంచి చూపు తిప్పలేదు. తనలో తాను, "ఇవాళ అద్దంలో సత్రం వంతు అయిపోయింది, రేపు బావి. ఎల్లుండి మావాడు" అనుకుంది.

పున్ని తన గుడ్డపేలికతో తానే వేలికి కట్టు కట్టుకుంది. తల్లికి ఇంత ముద్ద పెట్టమని పక్కింటి ముసలమ్మకు అప్పజెప్పింది. పని తెమలక అద్దం ముందు కూర్చోని పున్నికీ, చూపు లేని ఆ ముసలమ్మకూ చెవులు మిగిలాయి. గునపం భుజాన వేసుకుని, మూడు పూటల అన్నం మూట కట్టుకుని, పున్ని మర్నాడు పొద్దున్నే అడవి దారి పట్టింది.

అడవిలో రెండు రోజులు నడిచాక ఒక వాగు ఒడ్డున శ్రుతకీర్తి అనే ముని కనిపించాడు. రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాడు. పున్ని నమస్కరించగానే చేతులు దించాడు. ఆమె భైరవదత్తుడి అద్దం సంగతి అడిగింది. ఆ మాట వినగానే ముని ముఖం వాడిపోయింది.

"ఆ అద్దం నేను చేసిందేనమ్మా" అన్నాడు. "అన్యాయంగా పోయినవాళ్ళ మాట ఎవరో ఒకరు వినాలని పన్నెండేళ్ళు సానబట్టాను. భైరవదత్తుడు నా శిష్యుడు. దాన్ని ఎత్తుకుపోయి వేడుక చేశాడు."

"దాన్ని పగలగొట్టడం ఎలా స్వామీ?"

"పగలదు. మూడు గొంతులు దాన్ని బతికిస్తున్నాయి. సత్రంలో ఒకటి, బావిలో ఒకటి, రాతిగనిలో ఒకటి. వెళ్ళిన ప్రతివాడూ వాళ్ళను అడిగేవాడే. వాళ్ళు అడిగేది కూడా ఒకటుంది. దానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు దొరికితే వాళ్ళు వెళ్ళిపోతారు, అద్దం గుడ్డిదవుతుంది."

"మీరే వెళ్ళి చెప్పొచ్చు కదా?"

ముని మళ్ళీ చెవులు మూసుకున్నాడు. "వాళ్ళ గొంతులు వినాలంటే భయం" అన్నాడు. పున్ని ఇంకేమీ అడగకుండా వాగు దాటింది.

సత్రం దగ్గర అయిదారు బళ్ళు విప్పి ఉన్నాయి. చూడవచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని జంతికలు నములుతూ, ఆ సత్రంలో వంటమనిషి విషం పెట్టి బాటసారులను చంపిందని, పక్కవాడికి వినపడకపోయినా ఎవరికి వాళ్ళే చెప్పుకుపోతున్నారు. పున్ని వాళ్ళను దాటుకుని లోపలి వంటగదిలోకి వెళ్ళింది. చల్లారిన పొయ్యి ముందు పొగలాంటి ఆకారం ఒకటి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. పున్ని పారిపోకుండా, ఏమీ అడగకుండా నిలబడింది.

ఎవరూ ఏమీ అడగకపోయేసరికి ఆ ఆకారం మెల్లగా తానే పలికింది. "ఇంకా తినాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

పున్ని చుట్టూ చూసింది. గింజ లేని గాదె, అడుగంటిన గిన్నెలు, మూలన ఒక్క మనిషికి పరిచిన ఆకు. కరువు రోజుల్లో వచ్చినవాళ్ళందరికీ పెట్టి, తనకు తిండి లేక చనిపోయిన మనిషి ఈమె అని అర్థమైంది.

"అందరూ తిన్నారు పిన్నీ. నువ్వే మిగిలావు. కూర్చో, నేను వడ్డిస్తాను" అంది.

తన మూటలో మిగిలిన ఆఖరి పూట అన్నం ఆ ఆకులో పెట్టింది. ఆకారం కూర్చుంది. ముద్ద ముద్దకూ పలచబడి, చివరికి గరిటె నేల మీద పడిన చప్పుడు మాత్రం మిగిలింది. బయట అరుగు మీదివాళ్ళు, "చప్పుడైంది" అని ఎవరికి వాళ్ళే సంబరపడ్డారు.

బావి ఉన్నది కొండల నడిమి కనుమలో. అక్కడికి చేరేలోపే దారికి అడ్డంగా ఒక రాక్షసి లేచింది. పేరు కరాళి. తాటిచెట్టంత మనిషి, ఎర్రటి జుట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"నువ్వూ రాళ్ళు వెయ్యడానికే వచ్చావా?" అని పున్నిని పిడికిట్లోకి ఎత్తింది. "ఆ బావిలో పడి చనిపోయింది నా కూతురు. రోజూ ఎవడో ఒకడు వచ్చి దాని మీద రాయి వేస్తాడు. అది ఏడుస్తుంది, వాడు నవ్వుతాడు."

పున్నికి ఊపిరాడటం లేదు. "మరి నువ్వు దగ్గరికెళ్ళి ఓదార్చవా?" అంది ఎలాగో.

"వెళ్ళనిస్తేగా. ఆ మాంత్రికుడు బావి చుట్టూ ఇనప ఊచలు పాతాడు. ఇనుము దాటితే మాడిపోతాను."

"నన్ను దించు. నేను రాళ్ళపని చేసేదాన్ని. ఊచలు పీకడం నాకు వచ్చు."

ఇరవై ఊచలు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. నలిగిన వేలు మళ్ళీ పగిలి గునపం ఎర్రబడింది. పున్ని పని చేస్తున్నంతసేపూ బావి అడుగు నుంచి ఒక చిన్న గొంతు ఆగి ఆగి, "అమ్మ వచ్చిందా?" అని అడుగుతూనే ఉంది. ఆఖరి ఊచ ఊడగానే కరాళి ఒక్క అంగలో వచ్చి, బావి గట్టు మీద బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది.

"వచ్చానే తల్లీ. ఇక్కడే ఉన్నాను" అంది.

బావిలో ఏడుపు ఆగిపోయింది. కరాళి మళ్ళీ పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ మళ్ళీ పిలిచింది. కూతురి గొంతు వినడం అదే ఆఖరని అర్థమయ్యాక, రాక్షసి కొండలు అదిరేలా ఏడ్చింది.

"ఇలా అవుతుందని నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు" అంది పున్ని తల దించుకుని.

కరాళి ఆమెను చంపలేదు. లేచి, కళ్ళు తుడుచుకుని, "ఎక్కడికి వెళ్ళాలో చెప్పు, దింపుతాను" అంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రాక్షసి భుజాల మీద పున్ని తూర్పు కొండకు చేరింది. గని నోటి దగ్గర భైరవదత్తుడు, అతని మనుషులు సాయంత్రం వేడుకకు డప్పులు కాచుకుంటున్నారు. కరాళిని చూడగానే డప్పులవాళ్ళు డప్పులు వదిలేసి దొరికిన దారిన పరుగెత్తారు. మాంత్రికుడు బండకు ఆనుకుపోయాడు. రోజూ భూతాలను గద్దించే మనిషి కాగడాను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అయినా పున్ని ఎవరో, ఎందుకొచ్చిందో తెలుసుకున్నాక అతనికి నోరు వచ్చింది. "మీ అమ్మ నాకు తెలుసు, ముందు వరసలో కూర్చుంటుంది. ఆమెకు మిగిలింది ఈ గొంతు ఒక్కటే. దాన్ని కూడా నువ్వే తీసేస్తావా? నా వెంట రా. రోజూ మీ అన్న దగ్గరే ఉండొచ్చు, అద్దంలో నువ్వూ కనిపిస్తావు."

అతను చెప్పినదాంట్లో నిజం ఉంది. అయినా పున్ని కాగడా అతని చేతిలోంచి తీసుకుని గనిలోకి నడిచింది.

లోపల కూలిన బండల పక్కన గోడల్లో గుంతలు కనిపించాయి. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే గుంతలవి. బండల కింద ఒక్క దుంగ ముక్క కూడా లేదు. కప్పు కూలకముందే ఎవరో దుంగలు తీసుకుపోయారన్నమాట. రాళ్ళపని వాళ్ళ బిడ్డకు అది చదవడం కష్టం కాలేదు.

"దుంగలేమయ్యాయి?" అని బయటికి కేక వేసింది.

"రాజుగారి పట్టాభిషేకం పందిట్లో ఉన్నాయి" అన్నాడు భైరవదత్తుడు, కరాళి వైపు భయంగా చూస్తూ. "నన్ను ఆయన ఊరికే పిలిపించాడనుకున్నావా? పోయినవాళ్ళు దయ్యాలైతే, ఎలా పోయారని ఎవరూ అడగరు."

అంతలో బండల్లోంచి ఆ గొంతు వచ్చింది. "బండ జారుతోంది, బయటికి పరుగెత్తండి."

పున్ని ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడింది. అద్దంలో అయితే ఈ కేక మీద డప్పులు మోగేవి. ఇప్పుడు డప్పులు లేవు. కొంచెంసేపటికి అదే గొంతు, అలసిపోయి, మెల్లగా అడిగింది.

"అందరూ బయటపడ్డారా?"

ఒక్కరూ బయటపడలేదు. పంతొమ్మిది మందీ ఆ బండల కిందే ఉన్నారు. నిజం చెబితే అన్న ఇక్కడే అరుస్తూ ఉండిపోతాడు. చెప్పకపోయినా అంతే.

"బయటపడ్డారన్నా" అంది పున్ని. "అందరూ క్షేమం. నువ్వు పిలిచావు కాబట్టే బయటపడ్డారు."

బండల్లోంచి పెద్ద నిట్టూర్పు ఒకటి వచ్చింది. పున్ని ఇంకో మాట కోసం కాచుకుంది. తన పేరు పిలుస్తాడేమోనని, అమ్మ గురించి అడుగుతాడేమోనని కాగడా కొడిగట్టేదాకా నిలబడింది. రాయి రాయిలాగే ఉంది.

రాజధానిలో అద్దం ఆ క్షణానే నల్లబడింది. జనానికి చెవులు వచ్చాయి. నెలల తరబడి వినని ఏడుపులన్నీ ఒక్కసారి వినపడేసరికి చాలామంది తట్టుకోలేకపోయారు. పున్ని తిరిగి వచ్చేసరికి ఆమెకు ఎవరూ హారతి పట్టలేదు. "సాయంత్రాలు ఇంకేం చూడాలమ్మా మేము?" అని ఒకతె మొహం మీదే అడిగింది. కరాళి కూతురి బావి దగ్గరికి వెళ్ళిపోగానే పారిపోయిన భైరవదత్తుడు అప్పటికే పొరుగు రాజ్యం చేరాడు. అక్కడ అతన్ని అంబారీ మీద ఊరేగించారని తర్వాత తెలిసింది.

రాజు సభలో ఏం కావాలో కోరుకోమన్నాడు.

"గనిలో దుంగలు తీయించింది తమరేనని, అందుకే పంతొమ్మిది మంది పోయారని దండోరా వేయించండి. పేరు పేరునా వేయించండి" అంది పున్ని.

మంత్రులు రాజు చెవిలో ఏదో చెప్పారు. రాజు నగలు ఇస్తానన్నాడు, మేడ ఇస్తానన్నాడు. పున్ని కదల్లేదు. ఆమె వెనక నిలబడ్డ రాళ్ళవాడ ఆడవాళ్ళకు ఇప్పుడు అన్నీ వినపడుతున్నాయి. భూతం మింగిందనుకున్న మొగుళ్ళు, కొడుకులు ఎలా పోయారో వాళ్ళు విన్నారు. ఆ రోజు నుంచి వాడలో ఒక్క ఉలి చప్పుడు చెయ్యలేదు. రాజుగారి కొత్త బురుజు సగంలో ఆగింది. పద్నాలుగో రోజున దండోరా వేశారు. దుంగలు మోయించిన అధికారిని కొలువులోంచి తీసేశారు. తీయమన్న రాజు మాత్రం సింహాసనం మీదే ఉన్నాడు.

ఇకపై పున్ని చూసి సరేనంటే తప్ప ఏ గనిలోనూ ఎవరూ అడుగుపెట్టకూడదని రాళ్ళవాడ వాళ్ళు తీర్మానం చేసుకున్నారు. పదహారేళ్ళ పిల్లను తమ పెద్దగా కూర్చోబెట్టుకున్నారు. ఆమె బతికినంతకాలం ఆ రాజ్యంలో ఏ గనీ కూలలేదు.

సూరమ్మ మాత్రం కూతురితో మాట్లాడలేదు. వండింది తినేది, గోడ వైపు తిరిగి పడుకునేది. నెల దాటాక ఒక పొద్దున, "వాడు చివరికి ఏమన్నాడు?" అని అడిగింది.

"అందరూ బయటపడ్డారా అన్నాడమ్మా."

"నన్ను అడగలేదా?"

"లేదమ్మా."

సూరమ్మ లేచి చెంగు బిగించి తూర్పు కొండ దారి పట్టింది. పున్ని వెంట నడిచింది. గనిలో కూలిన బండకు సూరమ్మ చెవి ఆనించి, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అలాగే నిలబడింది.

"ఏమీ వినపడటం లేదే" అంది చివరికి.

"వినపడదమ్మా" అంది పున్ని.

సూరమ్మ బండను వదిలింది. దిగేటప్పుడు దారి ఏటవాలుగా ఉండటంతో కూతురి భుజం పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి తీయలేదు.