మామయ్య పాటలున్న కంప్యూటరు

కంప్యూటరు మళ్ళీ ఆరిపోయింది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చింది. కింద చుక్కలు గిర్రున తిరిగాయి. ఒక్క క్షణం తెరంతా నీలంగా మెరిసింది. అంతే, కథ మళ్ళీ మొదటికొచ్చింది.

"పొద్దుటి నుంచి ఇదే వరస," అన్నాడు నాన్న విసుగ్గా.

అత్త కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచి పట్టుకుని తెర వైపే చూస్తోంది.

ఆ కంప్యూటరు మామయ్యది. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి రాగానే మైకు ముందు కూర్చుని పాటలు పాడి, అందులో దాచుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆయన గొంతు హారన్ కంటే కాస్త నయం. అయినా మానితేగా! భార్య తమ్ముడి కూతురిని 'గువ్వా' అని పిలవడం మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆ పేరే ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది.

మామయ్య పోయిన కొన్నాళ్ళకు అత్త ఆ కంప్యూటరును గువ్వ చదువుకని ఇచ్చేసింది. "ఆయన పాటలు మాత్రం చెరపకమ్మా. ఇప్పుడైతే వినలేను. వినాలనిపించిన రోజున వస్తాను," అంది.

ఆ రోజు ఇవాళ వచ్చింది.

గువ్వ తలుపు పక్కనే నిలబడిపోయింది. 

మధ్యాహ్నం మెకానిక్ అక్క వచ్చింది. వీధి చివర రిపేరు షాపు ఆమెదే. సంచిలోంచి స్క్రూడ్రైవరు, బ్రష్షు తీసి బల్ల మీద పెట్టింది కానీ వెంటనే పని మొదలుపెట్టలేదు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఒక ప్రశ్న అడగడం ఆమె పద్ధతి.

"ఇది బాగా నడిచిన తర్వాత ఎవరైనా ఏమైనా మార్చారా?"

"నేను దాని జోలికే పోను," అన్నాడు నాన్న.

"దుమ్ము దులపడం తప్ప నాకేం తెలీదు," అంది అమ్మ.

"మరి నువ్వమ్మా?"

"నేనా? ఏమీ మార్చలేదే," అంది గువ్వ. 

అది అబద్ధం. కంప్యూటరు ఆన్ అవుతుండగా ఒక మీట నొక్కితే సెట్టింగుల పేజీ వస్తుందని, అక్కడ మార్పులు చేస్తే ఆటలు రయ్యిమని పరుగెడతాయని స్కూల్లో స్నేహితురాలు చెప్పింది. నిన్న సాయంత్రం గువ్వ నొక్కింది. అన్నీ అర్థం కాని మాటలే. డిస్కు అని ఉన్న చోట ఒక మాట తీసేసి ఇంకోటి పెట్టి, సేవ్ చేసింది. అప్పటి నుంచీ ఈ తిప్పలు. తిరిగి మార్చుదామంటే ముందు ఏముండేదో గుర్తు రాలేదు.

మెకానిక్ పక్క మూత విప్పింది. దుమ్ము దులిపింది. వైర్లన్నీ నొక్కి చూసింది. ర్యామ్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. స్విచ్ వేసింది. బొమ్మ, చుక్కలు, నీలం. మళ్ళీ అదే.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఎవరూ ఏమీ మార్చలేదంటే ఇక నా అనుమానం డిస్కు మీదే. పాతది కదా. షాపుకు తీసుకెళ్ళి లోపలున్నవి కాపీ చేసి చూస్తాను. ఎంత దక్కుతుందో మాత్రం చెప్పలేను," అంది.

అత్త మొహం పాలిపోయింది.

"తప్పు నాదేరా తమ్ముడూ. ఆయన పోయాక దీన్ని చూడలేక పాత దుప్పటి కప్పి, స్టోర్ రూములో ఓ మూల పడేశాను. అప్పుడే తేమ పట్టి ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ ఆ పాటలు వినడానికి విసుక్కున్నాను. ఇప్పుడు ఆ గొంతునీ చేజేతులా పోగొట్టుకున్నాను."

"అలా అనకక్కా," అన్నాడు నాన్న. అత్త కళ్ళు తుడుచుకుంది.

గువ్వ గుండె కలుక్కుమంది. తిట్లు పడతాయని భయపడి నోరు మూసుకుంది. ఆ తిట్లన్నీ అత్త తన మీద వేసుకుంటుందని అనుకోలేదు. మెకానిక్ అప్పటికే వైర్లు చుట్టేస్తోంది.

"ఆగండక్కా!" అంది గువ్వ. "నువ్వు కాదత్తా. నేనే చెడగొట్టాను."

వెక్కుతూనే జరిగిందంతా చెప్పింది. నాన్న కళ్ళెర్రజేశాడు.

"ఇందాక అడిగితే ఏమీ లేదన్నావు కదే!"

"తిడతారని భయమేసింది నాన్నా."

"తిట్లు తర్వాత చూసుకుందురు గానీ, ముందు పని కానివ్వండి సార్," అంది మెకానిక్. "రామ్మా, ఎక్కడ మార్చావో చూపించు."

గువ్వ చూపించింది. మెకానిక్ తల పంకించింది. "డిస్కును ఎలా చదవాలో కంప్యూటరుకు చెప్పే సెట్టింగు ఇది. ఇది మారితే తన డిస్కును తనే గుర్తుపట్టలేదు. మామూలుగా ఉండాల్సిన మాట ఇదీ. నీ చేత్తోనే పెట్టు."

 గువ్వ మార్చి, సేవ్ చేసింది.

బొమ్మ వచ్చింది. చుక్కలు తిరిగాయి.  నీలం రాలేదు. రోజూ కనిపించే తెర నెమ్మదిగా తెరుచుకుంది.

అత్త ఒక పాట మీద నొక్కింది. మామయ్య గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. మధ్యలో ఆ రికార్డింగులోనే వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది. "ఇక చాలించండి మహానుభావా! పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసేస్తారు!" మామయ్య పకపకా నవ్వాడు.

అత్త నవ్వబోయి ఏడ్చేసింది. గువ్వ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. అత్త దగ్గరికి తీసుకుంది.

ఆ తర్వాత అత్త అప్పుడప్పుడూ వచ్చి పాటలు వినేది. ఒక ఆదివారం పాట పెడితే చప్పుడే లేదు.

"అయ్యో, నేనే ఏదో నొక్కేసినట్టున్నాను," అంటూ అత్త చేతులు వెనక్కి తీసుకుంది.

బయట ఆడుకుంటున్న గువ్వ ఆ మాట విని లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"నువ్వు కాదత్తా. పొద్దున గది ఊడుస్తూ స్పీకరు వైరు నేనే లాగాను. మళ్ళీ పెట్టడం మరిచిపోయాను."

బల్ల కిందికి దూరి వైరు గుచ్చింది. మామయ్య పాట మధ్యలోంచి అందుకున్నాడు.